ఆ మొదటి పేజీ నాది

పిల్లల పుస్తకాల ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యానని చెప్తే, బొమ్మలు వేస్తారా అని అడుగుతారు. వేయను. పోనీ కథలు రాస్తారా అంటారు. రాయనని చెప్పుకుంటూ వచ్చాను, పోయిన సంవత్సరం దాకా. మా పని వేరేవాళ్ళు రాసింది చదివి, పిల్లలు ఎక్కడ పుస్తకం మూసేస్తారో ముందుగా కనిపెట్టి రాసినవాళ్ళకు చెప్పడం. కనిపెట్టడం కొంచెం కష్టం. చెప్పడం ఇంకా కష్టం.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కొత్తగా ఈ పనిలో చేరి, మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి అన్నారు. ఎప్పుడు చేరాను, ఏ పుస్తకానికి బహుమతి వచ్చింది, ఆఫీసు ఎన్ని మేడలు మారింది అనేవి ఎవరికీ పనికిరావు. నాకు గుర్తున్నవాటిలో గర్వంగా చెప్పుకునేవి తక్కువ. తలవంచుకుని చెప్పేవి మటుకు మీకు పనికొస్తాయనుకుంటున్నాను. అందులో ఒకటి రిటైరయ్యాక జరిగింది. అది చెప్పడానికే ఇదంతా.

టేబులు మీదికి వచ్చిన పేజీలు

నాది యానాం. ఉద్యోగం కోసం పుదుచ్చేరి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మాది చిన్న ప్రచురణ సంస్థ. తమిళ పుస్తకాలతో మొదలుపెట్టి, తర్వాత తెలుగు విభాగం తెరిచారు. తెలుగు విభాగమంటే నేనూ ఒక టేబులూ. చాలా ఏళ్ళు అంతే.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పిల్లల కథ రాసేవాళ్ళెవరైనా మొదటి పేజీ మాత్రం పంపవచ్చు. పుస్తకం వేస్తామా లేదా అన్నది తర్వాతి మాట. ఆ ఒక్క పేజీ చదివి, అందులో ఏం జరుగుతోందో, ఏం జరగడం లేదో రాసి పంపేవాళ్ళం. మొదటి పేజీ ఒక్కటే ఎందుకంటే, పెద్దవాళ్ళు డబ్బు పెట్టి కొన్నాం కదా అని నాలుగైదు పేజీలు ఓపిక పడతారు. పిల్లలకు ఆ మొహమాటం లేదు. నచ్చకపోతే పుస్తకం బోర్లించి దాని మీద కారు నడుపుతారు.

వచ్చిన పేజీల్లో చాలావాటిలో సూర్యుడు ఉదయిస్తుండేవాడు. పక్షులు కిలకిలమనేవి. తర్వాత ఇంట్లో అందరి పేర్లూ, వాళ్ళ వాళ్ళ మంచి గుణాలూ వచ్చేవి. పిల్లవాడు మాత్రం పేజీ అడుగున ఎక్కడో పళ్ళు తోముకుంటూ కనిపించేవాడు. నేను పక్కన పెన్సిలుతో 'ఈ పిల్లవాడికి ఏం కావాలి?' అని రాసేవాణ్ణి. ఆ ప్రశ్న ఎంతమందికి రాశానో చెప్పలేను. కొందరికి కోపం వచ్చేది. కొందరు మళ్ళీ రాసి పంపేవాళ్ళు, అప్పుడు పేజీలో నిజంగానే ఒక పిల్లవాడు లేచి తిరిగేవాడు. అలాంటి రోజు ఇంటికి హుషారుగా వెళ్ళేవాణ్ణి. ప్రశ్న వేయడం అలవాటైపోయింది కాబట్టి జవాబు కూడా నాకు తెలుసనుకున్నాను. ఈ ఉద్యోగంలో ఉన్న ప్రమాదం ఇదే.

మేడం, మా మాస్టారు

మా సంస్థ నడిపిన విజయలక్ష్మి మేడానికి తెలుగు చదవడం రాదు, మాట్లాడితే కాస్త అర్థమవుతుంది. అందుకని ప్రతి పేజీ తన ముందు గట్టిగా చదివించేవారు. నేను చదువుతుంటే ఆవిడ పేజీ వైపు చూడరు, నా మొహం వైపు చూస్తారు. నా గొంతు ఎక్కడ నీరసపడిందో అక్కడ ఆపి, ఇక్కడ మీకే విసుగొచ్చింది కదా అనేవారు తమిళంలో. మొదట్లో ఒళ్ళు మండేది. భాష రాని ఆవిడ నాకు నేర్పడమేమిటని బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర సణిగేవాణ్ణి. ఆవిడ చెప్పిన చోట్లు మళ్ళీ చదువుకుంటే నిజంగానే అక్కడ ఏమీ ఉండేది కాదు.

ఒకసారి యానాంలో నాకు చదువు చెప్పిన హెడ్మాస్టరు గారి దగ్గర్నుంచి పేజీ వచ్చింది. రాజ్యం, రాజు, ఆయన పరిపాలన, నీతి. పిల్లలు లేరు. నిజం రాయడానికి చెయ్యి రాలేదు. 'చాలా బాగుంది మాస్టారూ, కొనసాగించండి' అని రాసి పంపాను. మేడానికి ఆ పేజీ చదివి వినిపించలేదు కూడా. ఆయన కొనసాగించారు. కొంతకాలం తర్వాత ఇటుకంత కట్ట చేత్తో పట్టుకుని, రాత్రంతా ప్రయాణం చేసి, ఆఫీసుకు వచ్చారు. మేడం నన్ను ఆ కట్టలోంచి ఏదో ఒక పేజీ చదవమన్నారు. విని, ఇంకో పేజీ చదవమన్నారు. ఆ తర్వాత ఆవిడ లేచి బయటికి వెళ్తూ, ఈ మాట మీరే చెప్పాలి అన్నారు.

చెప్పాను. ఆయన కట్టకున్న దారం ముడి మళ్ళీ బిగించుకున్నారు.

"మొదటి పేజీ పంపినప్పుడే చెప్పుంటే బాగుండేది కదరా" అన్నారు చివరికి. తిట్టలేదు. భోజనానికి పిలిస్తే రాలేదు.

దయతో పొగిడితే నష్టం వాళ్ళకు, సుఖం మనకు. ఈ సంగతి నేను ఆ రోజే నేర్చుకున్నాను, ఆ తర్వాత ఎవరినీ అనవసరంగా పొగడలేదు. కానీ నా వంతు వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

ఉప్పళంలో సమావేశం

నేను రిటైరయ్యాక నా టేబులు నిత్యకు వచ్చింది. ఆమెదీ యానామే. నా దగ్గరే పని నేర్చుకుంది, కానీ నాకంటే బాగా చేస్తుంది. పేజీలు పోస్టులో తెప్పించుకోవడం మానేసి, నెలకోసారి ఊళ్ళోనే ఉప్పళంలో ఒక చిన్న హాలు తీసుకుని అందరినీ పిలవడం మొదలుపెట్టింది. పేర్లు లేకుండా పేజీలు ఒక డబ్బాలో వేయాలి. మనిషికి ఒక్కటే. నిత్య ఒక్కొక్కటీ తీసి గట్టిగా చదువుతుంది. ముందు చాప మీద కొంతమంది పిల్లలు కూర్చుంటారు, వచ్చినవాళ్ళ పిల్లలో, మనవలో. చదవడం అయ్యాక పిల్లలు ఏమన్నా అంటే అంటారు, తర్వాత నిత్య తన అభిప్రాయం చెప్తుంది. రాసినవాళ్ళు ఇష్టమైతే చెయ్యెత్తి నాదే అనవచ్చు. పిల్లలు ఏ కథ తర్వాత ఏమైందని అడుగుతారో, ఆ కథ మొత్తం నిత్య చదువుతుంది. కొత్తవాళ్ళకు అది పెద్ద అవకాశం.

నన్ను పెద్దమనిషిగా రమ్మని పిలిచేది. నేను వెనక వరుసలో కూర్చునేవాణ్ణి. అప్పటికి ఇంట్లో రహస్యంగా ఒక కథ మొదలుపెట్టి ఉన్నాను. రవి అనే కుర్రవాడు సముద్రం ఒడ్డున తాబేలు పెట్టిన గుడ్లను కాపాడతాడు. మొదటి పేజీ ఎన్నిసార్లు రాశానో. అందులో సూర్యుడు ఉదయించలేదు. పక్షులు కూయలేదు. మొదటి వాక్యంలోనే పిల్లవాడు ఉన్నాడు, పని ఉంది. వాక్యాలు చిన్నవి. నేను ఇతరుల పేజీల్లో కొట్టేసినవేవీ అందులో లేవు. ఆ నెల ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళి, ఎవరూ చూడకుండా డబ్బాలో వేశాను. నా పేరు లేకుండానే అందరూ మెచ్చుకుంటారని, అప్పుడు మెల్లగా చెయ్యెత్తుతానని ఊహించుకున్నాను. నిత్య మొహం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. అరవై దాటిన మనిషి అలా ఊహించుకోవడం రాయడానికే సిగ్గుగా ఉంది.

నా పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుంది. నలభై అయిదు దాటి ఉంటాయి. మెల్లగా తనే పరిచయం చేసుకుంది. పేరు ఆర్. కస్తూరి. వాళ్ళ పెద్దలు తరాల క్రితమే వచ్చి బాహూరు దగ్గర సేద్యం చేసుకుంటూ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇప్పుడు అన్న ఈ ఉప్పళంలోనే బియ్యం కొట్టు పెట్టుకుంటే, ఆ కొట్టు మీద ఇంట్లోనే అందరూ ఉంటున్నారు.

"సార్, నాకు తెలుగు ఎళుత్తు రాదు. మాట్లాడేది తెలుగే. తమిళ ఎళుత్తులో రాసుకోనొచ్చినా. అట్లా ఉంటే తీసుకుంటారా?" అని అడిగింది.

లిపి రాదని ఆవిడ చెప్పడం ముందు వరుసల్లో కొందరు విని వెనక్కి చూశారు. నిత్యను అడిగి వేయండి అన్నాను, నా మనసంతా డబ్బా మీదే ఉండి. ఆవిడ సంచిలోంచి కాగితం సగం తీసి, మళ్ళీ లోపల పెట్టేసుకుంది. అడగడానికి జంకుతోందని తెలుస్తూనే ఉంది. లేచి నిత్య దగ్గరికి తీసుకెళ్ళడం నాకు పెద్ద పని కాదు. వెళ్ళలేదు.

రెండు మూడు పేజీల తర్వాత నిత్య ఒక పొడుగు కాగితం తీసింది. మిగతావాళ్ళవి మామూలు కాగితాలు. నాది మా ఆఫీసులో ఎప్పటిదో పాత స్టాకు, పొడుగ్గా ఉంటుంది. నేను జేబులోంచి తీసినప్పుడు కస్తూరి దాన్ని చూసే ఉంటుంది. నిత్య దాన్ని విప్పగానే కస్తూరి నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది. నేను ఎటో చూశాను.

మనం రాసింది వేరేవాళ్ళ గొంతులో వినడం ఎలా ఉంటుందో ఈ పనిలోకి వచ్చే ప్రతివాళ్ళూ ఒక్కసారైనా తెలుసుకోవాలి. నిత్య బాగా చదువుతుంది. అయినా రెండో వాక్యానికే ఆమె గొంతు నీరసపడింది. నాకు అది వినిపించింది. ఆ నీరసాన్ని పట్టుకోవడమే కదా నేను జీవితమంతా చేసిన పని. మూడో వాక్యం, నాలుగో వాక్యం, రవి గుడ్ల చుట్టూ కర్రలు పాతుతున్నాడు. పేజీ అయిపోయింది.

చాప మీద ఒక చిన్నమ్మాయి అడిగింది. "వాడు ఆ గుడ్లు తింటాడా?"

"లేదమ్మా, కాపాడతాడు" అంది నిత్య.

"ఎందుకు?"

"మంచివాడు కాబట్టి."

"ఓ" అని ఆ పిల్ల తన చెప్పు పట్టీ తీసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. హాలంతా నవ్వింది. అందులో పగ ఏమీ లేదు, మామూలు నవ్వే. నా చెవులు కాలిపోయాయి.

తర్వాత నిత్య తన అభిప్రాయం చెప్పింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ఈ పేజీలో భాష తప్పులు లేవు. రాసినవాళ్ళకి మొదటి పేజీ ఎలా ఉండాలో బాగా తెలుసు. కానీ ఈ రవికి ఏం కావాలో నాకు తెలియలేదు. రాసినవాళ్ళకి ఏం కావాలో మాత్రం తెలుస్తోంది. వాళ్ళు మంచివాళ్ళని మనం అనుకోవాలి." కాగితం మడిచి, "ఇది రాసినవాళ్ళు ఉంటే, ఇష్టమైతే చెప్పండి" అంది.

నేను చెప్పలేదు. పైన ఫ్యాను తిరుగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మా నటేశన్ నగర్ వీధిలోనే ఉండే ప్రసాదరావు గారు ముందు వరుసలో ఉన్నారు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి, ఎవరికి బాధ కలిగినా తట్టుకోలేరు. ఆయన అందరినీ చూసి, కొత్తగా వచ్చింది కస్తూరి ఒక్కతే కాబట్టి ఆమెదే అనుకున్నారు. లిపి రాకపోయినా ఎవరితోనో టైపు చేయించుకుని ఉంటుందనుకున్నారట. వెనక్కి తిరిగి, మొదటిసారి కదమ్మా, సిగ్గుపడకండి, అందరం ఇలాగే మొదలుపెట్టాం అన్నారు.

కస్తూరి నా వైపు చూసింది. ఆ చూపులో నన్ను నిలదీయడం లేదు. మీరు చెప్తారా, చెప్పరా అని అడిగినట్టు ఉంది, అంతే. నేను ఫ్యాను వైపే చూస్తున్నాను.

"ఆం సార్, నాదే" అంది కస్తూరి. చెయ్యి కూడా ఎత్తింది.

నిత్య ఆవిడను చూసి, తర్వాత నన్ను చూసింది. "సార్, మీరు సీనియర్ కదండి. ఆవిడకి రెండు మాటలు చెప్తారా?" అంది.

ఇప్పుడు ఆలోచిస్తే అది నాకు దొరికిన ఇంకో అవకాశం. లేచి నిలబడ్డాను. నిజం చెప్పడానికే లేచానని అనుకోవాలని ఉంది, కానీ అలా కాదు. గొంతు సవరించుకుని, ఆవిడ వైపు తిరిగి, మొదటి ప్రయత్నంలో ఇవన్నీ మామూలేనని, నిరుత్సాహపడవద్దని, పిల్లల్ని దగ్గర్నుంచి గమనిస్తూ ఉండమని చెప్పాను. నా పేజీలో ఉన్న తప్పులు నేనే ఒక్కొక్కటీ ఆవిడకు విడమర్చి చెప్పాను. బాగా చెప్పానని ప్రసాదరావు గారు తలూపారు. కస్తూరి చేతులు ఒళ్ళో పెట్టుకుని, సరే సార్, సరే సార్ అంటూ వింది.

మనిషికి ఒక్క పేజీయే కాబట్టి, ఆవిడ సంచిలో ఉన్న కాగితం సంచిలోనే ఉండిపోయింది. ఆ హాల్లో ఆవిడ కాక ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

బియ్యం కొట్టు మీద ఇల్లు

ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగితే విసుక్కున్నాను. చివరికి ఉప్పళం వెళ్ళి, నాలుగు కొట్లలో అడిగి, వాళ్ళ ఇల్లు పట్టుకున్నాను. కస్తూరి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేసి, ఫిల్టర్ కాఫీ ఇచ్చి, తను గడప దగ్గర పీట మీద కూర్చుంది.

అసలు విషయం ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే ఎత్తింది. "మీరు చెప్పింది బాగానే ఉండింది సార్. యింటికొచ్చి మా అన్న కూతుర్ని గమనిస్తా ఉండా."

అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అందుకే నేను తలెత్తలేకపోయాను. ఎందుకలా చేశారమ్మా, ఆ పేజీ మీది కాదని ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"మీరు ఫ్యాను తట్టు చూస్తా ఉంటిరి. పెద్దోళ్ళు అట్లా కూర్చుంటే పావంగా అనిపించింది. సగం మీ కోసరం" అని ఆగింది. "సగం నా కోసరం సార్. నా కాగితం చదివితే నవ్వుతారని నాకు బయం. అప్పటికే నవ్వేసినారు గదా. ఆ నవ్వు నాదనుకుంటే అయిపోయె అనుకున్నా."

ఆ కాగితం చూపించమన్నాను. తెచ్చింది. తమిళ అక్షరాల్లో తెలుగు. తమిళంలో బ, ప ఒకటే అక్షరం కాబట్టి బాతు అన్న మాట పాతు అని చదవాల్సి వస్తుంది. నేను తడబడుతుంటే, ఇవ్వండి సార్ అని తనే తీసుకుని చదివింది.

"బాహూరులో బస్సు ఎక్కినా. నా ఎనకాలే మా బాతు ఎక్కింది. కండక్టరు వచ్చి, ఈ బాతు ఎవురిది అన్నాడు. నాది గాదు అన్నా. నా దగ్గిర ఒక టికెట్టుకే డబ్బులు ఉండాయి. బాతు వచ్చి నా కాళ్ళ మీద కూర్చుండింది. కండక్టరు నన్ను చూసినాడు. నేను కిటికీ తట్టు చూసినా. బాతు మాత్రం నన్నే చూస్తా ఉండింది."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఆ కిటికీ చూపు దగ్గర నా ఫ్యాను గుర్తొచ్చి, ఇది ఎప్పుడు రాశారని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ మీటింగుకి ముందే సార్" అంది. నేనెందుకు అడిగానో కాసేపటికి ఆవిడకు అర్థమై, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ కథ ఎందుకు రాయాలనుకున్నదో చెప్పింది. అన్న కూతురు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడితే తమిళంలో జవాబిస్తుంది. ఒకసారి ఎవరో తెలుగు పుస్తకం తెచ్చి ఇస్తే, అందులో మాటలు వేరేగా ఉన్నాయని, అత్తా, నువ్వు మాట్లాడేది తప్పు తెలుగా అని అడిగిందట. అందుకని తమ ఇంట్లో మాట్లాడే మాటలతోనే ఒక పుస్తకం ఉంటే చూపించాలనుకుంది.

తప్పులుంటే దిద్దండి సార్ అని కాగితం నా చేతిలో పెట్టింది. జేబులో పెన్ను ఉంది. ఉండాయి అన్నదాన్ని ఉన్నాయి అని చేయడానికి నా వేళ్ళు అలవాటుకొద్దీ కదిలాయి. ఇందులో దిద్దడానికి ఏమీ లేదని చెప్పి కాగితం తిరిగి ఇచ్చాను. నిత్యకు నిజం చెప్తాను, మీ పేజీ చదివిస్తాను అన్నాను.

"వద్దులే సార్. ఎవురికి గ్యాపకం ఉండాది" అంది వెంటనే. కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "చదివితే బాగుంటుంది" అంది, నన్ను చూడకుండా.

నిత్య

అంత మాట ఇచ్చి కూడా వెంటనే వెళ్ళలేదు. ఒకరోజు ఆఫీసు వీధి మలుపు దాకా నడిచి, మందుల షాపులో ఏదో కొనుక్కుని వెనక్కి వచ్చేశాను. ఫోనులో చెప్దామని నంబరు నొక్కి, ఆమె ఎత్తగానే ఆరోగ్యం ఎలా ఉందని అడిగి పెట్టేశాను. మళ్ళీ సమావేశం దగ్గరపడుతోందనగా, ఇంక దారిలేక, వెళ్ళాను. నిత్య నా పాత టేబులు దగ్గర ప్రూఫులు చూస్తోంది. ఎదురుగా కూర్చుని, ఆ తాబేలు పేజీ నాదమ్మా అన్నాను.

"తెలుసండి" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"కాగితం చూడగానే తెలిసిందండి. ఆ పొడుగు కాగితం మీరు తప్ప ఎవరూ వాడరు."

నాది అని తెలిసే ఆ మాటలన్నావా అని అడిగాను. నా గొంతులో ఇంకా కొంచెం కోపం ఉందని నాకే తెలిసింది.

"వేరేవాళ్ళదైతే ఇంకాస్త మెత్తగా చెప్పేదాన్నండి. మీరు తట్టుకుంటారనుకున్నాను." పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది. "మిమ్మల్ని మాట్లాడమన్నది కూడా అందుకేనండి. లేచి, నాదే అంటారనుకున్నాను. మీరు ఆవిడకి పాఠం చెప్తుంటే నాకు ఏం చేయాలో తోచలేదు. నేనూ ఊరుకున్నాను. అది నా తప్పండి."

కస్తూరి పేజీ సంగతి చెప్పాను. నిత్య అంతా విని, ఈసారి మొదట ఆవిడ పేజీయే చదివిద్దాం అంది. అందరి ముందు నా సంగతి నువ్వే చెప్పెయ్యకూడదా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"నేను చెప్పనండి. అది మీరే చెప్పాలి."

మళ్ళీ అదే హాలు

ఆ నెల సమావేశంలో మొదలుపెట్టకముందే లేచి నిలబడ్డాను. ముందు కుర్చీ వీపు పట్టుకున్నాను. పోయిన నెల చదివిన తాబేలు పేజీ కస్తూరి గారిది కాదు, నాది, భయపడి చెప్పలేకపోయాను, ఆవిడ నా పరువు కాపాడటానికి తనదని చెప్పారు, నన్ను క్షమించండి అన్నాను. ఇంట్లో ఎన్నోసార్లు అనుకుని వచ్చిన మాటలే. ఒక్కటీ తప్పిపోలేదు.

తర్వాత ప్రసాదరావు గారు లేచారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎంత పెద్ద మనసు సార్ మీది" అన్నారు. "ఒక కొత్త రచయిత్రి నలుగురిలో చిన్నబోయిందని, ఆమె తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఇంతకాలం ఎడిటర్‌గా చేసిన మనిషి అలాంటి పేజీ రాస్తారంటే ఎవరు నమ్ముతారు సార్?"

చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. లేదండీ, నిజంగా నాదే అన్నాను. చప్పట్లు ఇంకా పెరిగాయి. నిత్య వైపు చూశాను. ఆమె డబ్బాలో కాగితాలు సర్దుతోంది. కస్తూరి వైపు తిరిగి, మీరైనా చెప్పండమ్మా అన్నాను.

"సార్‌దే ఆ పేజీ" అంది కస్తూరి.

"చూశారా, గురువుగారి మాట కాదనలేక ఆవిడ కూడా ఒప్పుకుంటున్నారు" అన్నారు ప్రసాదరావు గారు.

కూర్చున్నాను. నిజం చెప్తే అవమానం జరుగుతుందని ఒక నెల భయపడ్డాను. అవమానం జరిగి ఉంటే బాగుండేది.

తర్వాత కస్తూరి ముందుకు వెళ్ళి తన పేజీ తనే చదివింది. బాతు బస్సెక్కేసరికి చాప మీద పిల్లలు దగ్గరికి జరిగారు. కండక్టరు వచ్చేసరికి, పోయిన నెల చెప్పు పట్టీ పీక్కున్న పిల్ల మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. పేజీ అయిపోగానే, బాతుకి టికెట్టు తీశారా, బాతుని దించేశారా, ఆ బాతు పేరేంటి అని అందరూ ఒక్కసారే అడిగారు. కస్తూరి ఎవరికి జవాబు చెప్పాలో తెలియక నవ్వుతూ నిలబడిపోయింది. ఆవిడ మాటల్లో ఎవురిది, ఉండాయి వస్తుంటే ఎవరూ నవ్వలేదు. ఆ మాటలు వాళ్ళకు కథలో మనుషుల మాటలే అయ్యాయి. నిత్య కథ మొత్తం అడిగి తీసుకుంది.

బయటికి వస్తుంటే ప్రసాదరావు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క నెలలో ఎంత మార్పు సార్! ఆ తాబేలు పేజీ రాసిన మనిషేనా ఈ బాతు పేజీ రాసింది? మీరు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించారు కదూ?"

నేను ఆవిడకు ఏమీ నేర్పలేదన్నాను. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఇప్పుడు కస్తూరి పుస్తకం తయారవుతోంది. తమిళ అక్షరాల్లోంచి తెలుగు అక్షరాల్లోకి మార్చే పని నిత్య నాకు ఇచ్చింది. ఒక్క మాట మార్చకుండా రాసి ఇచ్చాను. ఉండాయి ఉండాయిగానే ఉంది. ఆ పుస్తకంలో నా చెయ్యి పడింది అంతే, కానీ సార్ మొత్తం తిరగరాశారట అని ఊళ్ళో ఒక మాట తిరుగుతోందని విన్నాను. అది అబద్ధం. కస్తూరి వెనక పేజీలో నా పేరు వేసి కృతజ్ఞతలు చెప్తానంటే వద్దన్నాను. ఎందుకు సార్ అని ఆవిడ అడగలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగిన సలహా ఒకటి ఉంది. మీదైన ఒక పేజీ రాసి, మీ పేరు పెట్టి, మీకంటే చిన్నవాళ్ళ చేతికి ఇవ్వండి. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే ఇవ్వండి. నేను రిటైరయ్యేదాకా ఆగాను, అప్పుడు కూడా పేరు పెట్టకుండా ఇచ్చాను.

మొన్న సాయంత్రం ప్రసాదరావు గారు మా ఇంటికి వచ్చారు. చేతిలో ఒక కాగితం. ఆయన కూడా పిల్లల కథ మొదలుపెట్టారట. కస్తూరిగారికి నేర్పినట్టే నాకూ నేర్పాలి సార్ అన్నారు. కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా, ఆ రోజు జరిగింది మళ్ళీ చెప్పాను. నేను ఫ్యాను వైపు చూడటం, ఆవిడ చెయ్యెత్తడం, నేను ఆవిడకు పాఠం చెప్పడం, అన్నీ. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. చివర్లో చేతులు జోడించి, మీ వినయం నాకు పాఠం సార్ అని, ఆ కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

అందుకని ఇక్కడ అచ్చులో రాస్తున్నాను. పొడుగు కాగితం మీద ఉన్న ఆ పేజీ నాది. రవి నావాడు, ఆ తాబేలు గుడ్లు నావి, వాటి చుట్టూ పాతిన కర్రలు నావి. ఆర్. కస్తూరికి దానితో ఏ సంబంధమూ లేదు. ఇది చదివి కూడా నా పెద్ద మనసు మెచ్చుకునేవాళ్ళుంటే, వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఇంక మాటలు లేవు.